పల్లె గాలి లెక్క: నడిగడ్డ నుంచి నల్లమల దాకా

ఏప్రిల్ నెలాఖరు. జూరాల కాలువ కింద యాసంగి వరికోతలు అయిపోవచ్చాయి. హార్వెస్టర్ తిరిగిపోయిన మడిలో మోకాలెత్తు కొయ్యకాళ్లు మిగిలాయి. పొద్దుగూకే వేళ ఎవరో గట్టు మీద నిలబడి అగ్గిపుల్ల గీస్తారు. ఎండిన గడ్డి, పైన వడగాలి; ఎకరం తగలబడడానికి ఎంతో సేపు పట్టదు. మంట ఆరిపోతుంది కానీ పొగ అంత తొందరగా పోదు. గాలి ఆడని రాత్రి అది కాలువ గట్టు వెంట పాకుతూ ఊళ్లోకి వస్తుంది. ఆరుబయట మంచాలు వేసుకున్నవాళ్లు దుప్పటి ముఖం మీదికి లాక్కుంటారు. దమ్ము ఉన్న ముసలివాళ్లు లేచి కూర్చుని తెల్లారేదాకా అలాగే గడుపుతారు.

పొద్దున్నే ఊరు ఎప్పటిలాగే కనిపిస్తుంది. చెట్లు, చెరువు, పైన నీలాకాశం. ఈ గాలిలో విషం ఉందంటే నమ్మేవాళ్లు తక్కువ. పొగ అంటే పట్నం, పల్లె అంటే మంచి గాలి అన్న లెక్క మనలో పాతుకుపోయింది. హైదరాబాద్‌లో దగ్గు తగ్గని వాళ్లను "నాలుగు రోజులు ఊరికి పోయి రా" అంటారు కూడా.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల విషయంలో ఆ లెక్క ఎంతవరకు నిజం?

వంతెన దగ్గర ఆగిన జాబితా

కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాలను గుర్తించి, అక్కడ ధూళిని తగ్గించడం దాని పని. ఆ జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో కర్నూలు ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లేవు.

44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ వైపు నుంచి దిగి వస్తే కొత్తకోట, పెబ్బేరు దాటాక బీచుపల్లి దగ్గర కృష్ణ వస్తుంది. ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా, పుల్లూరు టోల్‌గేట్, ఆ తర్వాత తుంగభద్ర వంతెన. అవతల కర్నూలు. రెండు నదుల మధ్య ఉన్న ఈ నేలనే నడిగడ్డ అంటారు. కర్నూలు గాలికి జబ్బు చేసిందని ఆ జాబితా చెబుతోంది. వంతెనకు ఇవతల ఉన్న పల్లెల గురించి అందులో ఒక్క ముక్క లేదు. గాలికి మాత్రం వంతెనతో పని లేదు.

ఒక ఊరు ఇలాంటి జాబితాకు ఎక్కాలంటే ముందు అక్కడ గాలిని కొలవాలి, అదీ కొన్నేళ్ల పాటు. తెలంగాణలో గాలిని గంట గంటకూ కొలిచే కేంద్రాలు చాలావరకు హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి. కొలవని చోట జబ్బు లేదనుకోవడం సులువు. థర్మామీటరు లేని ఇంట్లో ఎవరికీ జ్వరం రాలేదని చెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

వెంట్రుకలో ముప్పయ్యో వంతు

గాలిలో తేలే ధూళిని శాస్త్రవేత్తలు కణం సైజును బట్టి విడదీస్తారు. మనిషి తల వెంట్రుక మందం దాదాపు 50 నుంచి 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు పీఎం 10. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి పీఎం 2.5. వెంట్రుక మందాన్ని ఇరవై, ముప్పై వంతులు చేస్తే ఒక వంతు ఎంతో, ఈ కణం అంత.

బండి పోయినప్పుడు లేచే మట్టి దుమ్ములో పెద్ద కణాలు ముక్కులోనే ఆగిపోతాయి. చీదితే, దగ్గితే బయటికి వస్తాయి. పీఎం 2.5 ఆగదు. కట్టె, గడ్డి, డీజిల్, బొగ్గు కాలినప్పుడు పుట్టే కణాల్లో ఎక్కువ భాగం ఈ సైజువే. గొంతు, గాలిగొట్టం దాటి, ఊపిరితిత్తుల చివర ఉండే వాయుకోశాల దాకా దిగుతాయి. అక్కడ కాపలా ఉండే భక్షక కణాలు వాటిని మింగి అరిగించాలని చూస్తాయి. మసి అరగదు. కాపలా కణాలు రసాయన సంకేతాలు పంపుతూనే ఉంటాయి, ఊపిరితిత్తుల్లో వాపు మొదలవుతుంది. ఆ వాపు సంకేతాలు రక్తంలోకి చేరి ఒళ్లంతా తిరుగుతాయి. అన్నిటికన్నా చిన్న కణాలు కొన్ని నేరుగా రక్తంలోకే చొరబడతాయి. రక్తనాళాల లోపలి పొర గరుకుబారుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, రక్తపోటు ఎక్కుతుంది.

అందుకే గాలి కాలుష్యం అనగానే ఊపిరితిత్తులే గుర్తుకు వచ్చినా, దాని వల్ల పోయే ప్రాణాల్లో గుండెపోటు, పక్షవాతం వాటా చాలా పెద్దది. 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ వర్గంలోనే.

2019లో భారతదేశంలో 16.7 లక్షల మరణాలకు గాలి కాలుష్యం కారణమని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఆ ఏడాది దేశంలో జరిగిన మొత్తం మరణాల్లో ఇవి 17.8 శాతం. 1990 నుంచి 2019 మధ్య ఇంటి పొగ వల్ల కలిగే మరణాల రేటు 64 శాతం తగ్గింది. బయటి ధూళికణాల వల్ల కలిగే మరణాల రేటు 115 శాతం పెరిగింది. ప్రమాదం పొయ్యిని ఇంకా పూర్తిగా వదలకముందే వీధిలోకి వచ్చేసింది.

ఉప్మాతో మొదలైన కథ

ఈ మూడు జిల్లాలకు దగ్గర్లో గాలి మీద వివరమైన ఆరోగ్య అధ్యయనం కోసం చూస్తే, నాగర్‌కర్నూల్‌కు ఉత్తరాన ఆనుకుని ఉన్న రంగారెడ్డి జిల్లాకు వెళ్లాలి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో ప్రపంచంలోనే అరుదైన పరిశోధన ఒకటి జరిగింది. దాని మొదలుకు గాలితో సంబంధమే లేదు.

1987లో ఇక్కడి 29 ఊళ్లను రెండుగా విడదీశారు. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీల ద్వారా మక్క, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు అంగన్‌వాడీ పథకం అప్పటికి రాలేదు. 1990 దాకా నడిచిన ఈ ప్రయోగం ఉద్దేశం ఒకటే: అదనపు తిండి దొరికితే పిల్లల పుట్టుక బరువు పెరుగుతుందా? పదిహేనేళ్లు గడిచాక శాస్త్రవేత్తలు ఆ పిల్లలను వెతుక్కుంటూ వచ్చారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు. వాళ్ల రక్తనాళాల బిరుసు కొంచెం తక్కువగా ఉంది. జాతీయ పోషకాహార సంస్థ ఆధారంగా అప్పటి నుంచి ఆ కుటుంబాలను, తల్లిదండ్రులతో సహా, పరిశీలిస్తూ వచ్చారు.

అలా పేర్లు, ఇళ్లు, బీపీలు, ఎముకల స్కానులు అన్నీ రాసి ఉన్న పుస్తకం తయారుగా ఉంది. బార్సిలోనాకు చెందిన ఐఎస్‌గ్లోబల్ సంస్థ శాస్త్రవేత్త క్యాథరిన్ టోన్ బృందం దాని పక్కన గాలి లెక్క చేర్చింది. ఊళ్లలో ధూళిని కొలిచే యంత్రాలు పెట్టి, ఏ ఇంటి దగ్గర ఏడాది పొడుగునా ఎంత పీఎం 2.5 ఉంటుందో అంచనా కట్టారు. కొందరి ఒంటికి చిన్న కొలత యంత్రాన్ని, కెమెరాను తగిలించి, ఏ పని దగ్గర ఎంత పొగ పీలుస్తున్నారో కూడా చూశారు.

ఆ ఊళ్ల సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు దాదాపు 33 మైక్రోగ్రాములు. భారత ప్రమాణం 2009 నుంచి ఏడాది సగటున 40. అంటే మన చట్టం ప్రకారం అది మంచి గాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకం మాత్రం 5. దాని ప్రకారం అక్కడి గాలిలో ఉండాల్సిన దానికి ఆరు రెట్ల పైన ఉంది. రెండు అంకెల మధ్య ఉన్న ఈ ఎడంలో మనుషుల ఒళ్లు ఏమవుతోందన్నది అసలు ప్రశ్న.

జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. మెడలోని పెద్ద ధమని గోడ మందాన్ని 3,372 మందిలో అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. ధూళి ఎక్కువ ఉన్నచోట గోడ మందం ఎక్కువగా కనిపించింది, ముఖ్యంగా మగవాళ్లలో, నలభై దాటినవాళ్లలో. ఆ గోడ దళసరి కావడం గుండెపోటుకు, పక్షవాతానికి ముందుగా పడే అడుగు. గాలి ఆడని చోట కట్టెలతో వండే ఆడవాళ్లలో కూడా ఆ మార్పు కనిపించింది. 2019లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. రక్తపోటు పరిశీలనలో పీఎం 2.5 ఒక్క మైక్రోగ్రాము పెరిగినచోట స్త్రీలలో బీపీ పై అంకె సగటున 1.4 ఎక్కువగా నమోదైంది. 2020 జనవరిలో వచ్చిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది: 28 ఊళ్లలో 3,717 మంది ఎముకలు స్కాను చేస్తే, ధూళి ఎక్కువ ఉన్నచోట వెన్నులో, తుంటిలో ఎముక ఖనిజం తక్కువగా ఉంది. వాళ్ల సగటు వయసు 36 కూడా లేదు.

ఇలాంటి పరిశోధన సంబంధాన్ని చూపుతుంది. ఫలానా మనిషి ఎముక ఫలానా పొగ వల్లే అరిగిందని తేల్చి చెప్పదు. అయితే వేలమందిలో ధమని, బీపీ, ఎముక మూడూ ధూళి వైపే వేలు చూపిస్తుంటే దాన్ని తోసిపుచ్చడం కష్టం. వరి, పత్తి, కంకర రోడ్డు, కట్టెల పొయ్యి, హైదరాబాద్‌కు కూలికి పోయే యువకులు: ఇబ్రహీంపట్నం పల్లెలకూ నాగర్‌కర్నూల్ పల్లెలకూ మధ్య బతుకులో తేడా కొంచెమే. నగరం కాస్త దగ్గర, అంతే.

మొదటి పొగ

ఇంటి పొగ నుంచే మొదలుపెట్టాలి. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో చెన్నైకి చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 పల్లె ఇళ్లలో పొగను కొలిచింది. గ్యాస్‌తో వండే ఇళ్లలో రోజు సగటు 73 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో అది 732 దాకా పోయింది. పది రెట్లు.

పొయ్యి ముందు కూర్చునేది ఇల్లాలు. ఆమె కొంగు పట్టుకుని కూర్చునేది చంటిపిల్ల. బీడీ ముట్టని ఆడవాళ్లకు కూడా ముదిరిన వయసులో ఆయాసం, కఫం, నాలుగు అడుగులు వేస్తే దమ్ము రావడానికి ఇదొక ముఖ్య కారణం. సీఓపీడీ అనే ఆ జబ్బులో గాలిగొట్టాలు ఇరుకవుతాయి, పోయిన సత్తువ తిరిగి రాదు. కళ్లలో శుక్లాలకు, చిన్నపిల్లల్లో న్యుమోనియాకు కూడా పొయ్యి పొగతో సంబంధం ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరి 27న తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ పథకం అమలులోకి వచ్చింది. కనెక్షన్ లేని ఇల్లు ఇప్పుడు అరుదు. అయితే సిలిండర్ ఉన్నంత మాత్రాన పొయ్యి ఆరిపోదు. టీ, కూర గ్యాస్ మీద అవుతాయి. స్నానాలకు నీళ్లు, పశువుల కుడితి, పండగకు పెద్ద వంట పెరట్లో కట్టెల మీదే. పొలంలో పత్తి కట్టె, కంది కట్టె ఊరికే దొరుకుతుంటే డబ్బు పెట్టి కొన్న గ్యాస్‌ను ఎవరైనా పొదుపుగానే వాడతారు.

పొయ్యి మారిస్తే చాలా అన్న ప్రశ్నకు తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో జరిగిన పెద్ద ప్రయోగం 2022లో ఒక జవాబు ఇచ్చింది. సగం మందికి గ్యాస్ పొయ్యి, గ్యాస్ ఉచితంగా ఇచ్చారు. వాళ్లు పీల్చే గాలిలో పీఎం 2.5 రోజు సగటు 24 దగ్గరికి దిగింది. కట్టెలతో వండినవాళ్లది 70 దగ్గర ఉండిపోయింది. అయినా పిల్లల పుట్టుక బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రయోగంలో చేరేనాటికే ఆ తల్లులకు గర్భం 9 నుంచి 20 వారాలు. గ్యాస్ వచ్చిన ఇంట్లో కూడా గాలి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకానికి ఆమడ దూరంలోనే ఉంది. ఆ ఫలితాన్ని చూసి పొయ్యి మార్చడం దండగ అనుకోకూడదు. పొయ్యి మారాలి, అది చాలదు.

మడిలో మంట, చేలో మందు

జూరాల ప్రాజెక్టుతో, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలతో ఈ నేల తీరు మారిపోయింది. వలసకు పేరుపడ్డ పాలమూరులో వరి పండింది. నీళ్లు రావడం ఈ జిల్లాల చరిత్రలో పెద్ద మేలు, ఆ మాట మొదట చెప్పుకోవాలి. దానితోపాటు గడ్డీ పెరిగింది.

పాత రోజుల్లో కొడవలితో నేల వరకు కోసేవాళ్లు. గడ్డి మోపు కట్టి వాములు వేసేవాళ్లు, అది ఎద్దుల మేత. ఇప్పుడు ఎద్దులు తగ్గాయి, కూలీ ఖర్చు పెరిగింది, కోతకు హార్వెస్టర్ వస్తోంది. అది వెన్ను కోసుకుని గడ్డిని చిందరవందరగా పారేస్తుంది. తర్వాతి నాటుకు టైము తక్కువ. అగ్గిపెట్టె రెండు రూపాయలు. రైతు చేతిలో ఉన్న అన్ని దారుల్లోకీ చవకది మంట.

ఆ చవకకు అసలు ఖర్చు ఎంత? టన్ను వరిగడ్డి కాలితే దాదాపు 3 కిలోల సూక్ష్మధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 2 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కలుస్తాయని అంచనా. ఆ గడ్డిలో 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. నత్రజని దాదాపు అంతా పొగతోనే పోతుంది. రైతు నెల తిరక్కుండానే యూరియా బస్తా కోసం లైనులో నిలబడి కొనేది దాన్నే.

పత్తి సంగతి వేరు. నడిగడ్డ విత్తన పత్తికి పేరుపడ్డది. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీయడం, మరునాడు పొద్దున పుప్పొడి అద్దడం, అంతా చేతిపని. దీన్నే ఇక్కడ క్రాసింగ్ అంటారు. పంట అయ్యాక నిలిచిపోయిన కట్టెలో, విచ్చుకోని కాయల్లో గులాబీ పురుగు దాక్కుంటుంది. అందుకని కట్టె తీసేయమని వ్యవసాయ అధికారులే చెబుతారు. తీసిన కట్టెను పొడి చేసి నేలలో కలిపే యంత్రం అందుబాటులో లేకపోతే, రైతు కుప్ప వేసి కాలుస్తాడు. మంచి సలహాలో సగం పాటిస్తే పొగ మిగులుతుంది.

చేలో పీల్చేది పొగ ఒక్కటే కాదు. పత్తికి కొట్టే మందుల తుంపర్లు గాలి వాలున పక్క చేలోకి, క్రాసింగ్ చేసే ఆడపిల్లల ముఖాల మీదికి వస్తాయి. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు నరాలకూ కండరాలకూ మధ్య నడిచే సంకేతాన్ని ఆపే ఎంజైమును దెబ్బతీస్తాయి. నోట్లో చొంగ, కళ్లు మసక, ఊపిరాడకపోవడం దాని గుర్తులు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అక్కడి పత్తి మనిషి ఎత్తు పెరిగింది, తుంపర్లు నేరుగా ముఖానికి తగిలాయి. నడుముకు గుడ్డ, తలకు తువ్వాల, కాళ్లకు ఏమీ లేకుండా మందు కొట్టే దృశ్యం మన చేలలో కూడా కొత్తది కాదు.

రాయి పగిలితే

ఈ మూడు జిల్లాల కింద ఉన్నది చాలావరకు పాత గ్రానైట్, నైస్ శిల. దానిలో ఐదో వంతుకు పైగా క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా. రాయి గుట్టలా ఉన్నంతసేపు ఎవరికీ అపకారం లేదు. కంకర మిషన్‌లో నలిగినప్పుడు, డ్రిల్లు దిగినప్పుడు, బ్లాస్టింగ్ జరిగినప్పుడు ఆ సిలికా కంటికి కనపడని పొడి అవుతుంది.

ఆ పొడి వాయుకోశాల్లోకి చేరితే కాపలా కణాలు దాన్ని మింగి చచ్చిపోతాయి. చచ్చినచోట మచ్చ కడుతుంది. మచ్చ మీద మచ్చ పడి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. మందు లేదు, దుమ్ములోంచి బయటపడ్డాక కూడా జబ్బు ముదురుతూనే పోవచ్చు. టీబీ పట్టే అవకాశం కూడా బాగా పెరుగుతుంది. ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అనుకుని మందులు వాడించిన సందర్భాలు దేశంలో ఎన్నో. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. క్రషర్‌లో రోజు కూలీకి పనిచేసి, సీజన్ కాగానే ఇంకో జిల్లాకు పోయేవాడి పేరు ఏ ఫ్యాక్టరీ రిజిస్టరులో ఉంటుంది?

పాలమూరు కూలీ దేశం నలుమూలలా డ్యాములు కట్టాడు, కాలువలు తవ్వాడు, రాళ్లు కొట్టాడు. "పాలమూరు లేబర్" అన్న మాటే పుట్టింది. ఆ పనుల దుమ్ము అతని ఛాతీలోనే ఇంటికి వచ్చింది. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలతో నార్లాపూర్, ఏదుల, వట్టెం జలాశయాల చుట్టూ ఏళ్ల తరబడి మట్టి తవ్వకం, సొరంగాలు, టిప్పర్ల రాకపోకలు నడిచాయి. క్రషర్ నోటి దగ్గర నీళ్లు చల్లే ఏర్పాటు, కన్వేయర్‌కు కప్పు, డ్రిల్లుకు నీటి పైపు, టిప్పర్‌కు పట్టా: ఇందులో కొత్త శాస్త్రం ఏమీ లేదు. తడి రాయి దుమ్ము లేపదు. దుమ్ములో పనిచేసే మనిషి తువ్వాల చుట్టుకుంటే ఇసుక ఆగుతుందే కానీ సిలికా పొడి, పీఎం 2.5 ఆగవు. దానికి ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 రకం మాస్కు కావాలి.

మిల్లు, హైవే, కొత్త ఫ్యాక్టరీ

వడ్లు పెరిగిన చోట మిల్లులు పెరుగుతాయి. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులో బాయిలర్ మండేది ఊకతో. ఊక బూడిద తేలిక. గొట్టానికి సరైన వడపోత లేకపోతే దాబా మీద ఆరేసిన బట్టల మీద, తాగునీటి బిందెల మీద నల్లటి పొరగా కనిపించేది అదే. పత్తి జిన్నింగ్ మిల్లుల్లో దూది నూగు వేరే బాధ. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్టు ఉండడం బిసినోసిస్ అనే జబ్బు గుర్తు. రోజులు గడిచేకొద్దీ అది తగ్గినట్టనిపిస్తుంది కాబట్టి కార్మికులు పట్టించుకోరు.

హైవే మీద పగలూ రాత్రీ లారీలు. డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చి 2012 నాటికే తీర్పు అయిపోయింది. రోడ్డును ఆనుకుని ఉన్న హోటళ్లు, పంక్చర్ షాపులు, బస్సు కోసం నిలబడే పిల్లలు ఆ పొగకు అందరికన్నా దగ్గర.

ఈ మధ్య జనంలో గాలి గురించి గట్టిగా మాట పుట్టించింది ఇథనాల్ ఫ్యాక్టరీలు. పక్కనున్న నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరులో వాసన, వ్యర్థాల మీద 2023లో పెద్ద ఆందోళన జరిగింది. గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఫ్యాక్టరీ వద్దంటూ పల్లెలు ఏకమయ్యాయి. 2025 జూన్ 4న ఆ నిరసన ఘర్షణగా మారి రైతుల అరెస్టుల దాకా వెళ్లింది. బేడీలతో రైతులను కోర్టుకు తెచ్చిన ఫొటోలు రాష్ట్రమంతా చూసింది. కాలుష్య నియంత్రణ మండళ్ల వర్గీకరణలో ఇథనాల్ చేసే డిస్టిలరీలు రెడ్ కేటగిరీ, అంటే కాలుష్యం ఎక్కువ చేయగల పరిశ్రమలు. బాయిలర్ పొగ, ధాన్యం దుమ్ము, పులియబెట్టినప్పుడు వచ్చే ఆవిర్లు, వ్యర్థాన్ని ఆరబెట్టేటప్పుడు పుట్టే వాసన వాటి నుంచి రావచ్చు. ఎంత వస్తుందన్నది యంత్రాల మీద, నడిపే తీరు మీద, తనిఖీ మీద ఆధారపడుతుంది. ఫ్యాక్టరీ రాకముందు ఊరి గాలి ఎలా ఉందో కొలిచి పెట్టుకుంటే, తర్వాత ఎవరి మాట నిజమో తేలుతుంది. ఆ తొలి కొలత లేనప్పుడు రైతు దగ్గర మిగిలేది తన ముక్కు, తన భయం.

కొండల్లో కూడా

నాగర్‌కర్నూల్ దక్షిణాన నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటితే గాలి మారినట్టే ఉంటుంది, నిజంగానే మారుతుంది. ఆ అడవిలో కూడా వేసవి వస్తే మంటలు వస్తాయి. ఎండుటాకులో పడిన బీడీ ముక్క చాలు, వాలు వెంట మంట ఎగబాకుతుంది. రోజుల తరబడి పొగ పెంటల మీద, అంటే చెంచుల గూడేల మీద, ఆగుతుంది. చెంచుల గుడిసెలో పొయ్యి లోపలే, వానాకాలం అయితే ఇంకా లోపలికి. తక్కువ బరువు, రక్తహీనత, టీబీ భయం ముందే ఉన్న ఒంటికి పొగ మరింత బరువు. బయట ఎంత స్వచ్ఛమైన గాలి ఉన్నా, పీల్చేది గుడిసె లోపలి గాలినే.

చలికాలంలో మూడు జిల్లాలకూ ఒకే ఇబ్బంది. రాత్రి నేల తొందరగా చల్లబడి కింద చల్లగాలి, పైన వెచ్చని గాలి పొరగా ఏర్పడుతుంది. వంటగిన్నె మీద మూత పెట్టినట్టు కింది పొగ పైకి లేవదు. వానాకాలం వరి కోతలు, చలిమంటలు, ఇటుక బట్టీలు, తెల్లవారుజామున రాజేసే పొయ్యిలు అన్నీ ఆ మూత కిందే కలుస్తాయి. డిసెంబరులో పొద్దున్నే కృష్ణ మీద కనిపించేదంతా మంచు కాదు.

ఎక్కడ పట్టుకోవాలి

ఇక్కడ ఒక పెద్ద చిమ్నీ లేదు, వేలాది చిన్న పొగలున్నాయి. ఒక్కటి మూసేస్తే పోయే రోగం కాదు. అలాగని చేయగలిగింది ఏమీ లేదనీ కాదు. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో ఇళ్ల పొయ్యిల్లో వాడే మసిబొగ్గు అమ్మకాన్ని 1990 సెప్టెంబరులో నిషేధించారు. అదీ వేలాది చిన్న చిమ్నీల సమస్యే. నల్లపొగ 70 శాతం తగ్గింది. శ్వాస జబ్బుల మరణాలు 15 శాతం దాకా తగ్గాయని తర్వాతి అధ్యయనం చూపింది.

మడిలో మంటకు బదులు ఉంది. గడ్డిని మోపులుగా చుట్టే బేలర్ హార్వెస్టర్ వెనకే వస్తే అది పాడి రైతుకు మేత. నీళ్లు పెట్టి, ఎకరానికి ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నితే కొయ్యకాళ్లు కుళ్లి ఎరువవుతాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా డీకంపోజర్ కూడా ఉంది. ఇవన్నీ అగ్గిపుల్ల కన్నా ఖరీదే. రైతు ఒక్కడి మీద ఆ ఖర్చు వేస్తే మంట ఆగదు. ఊరికి ఒక బేలర్, ఒక పత్తికట్టె ష్రెడ్డర్ కిరాయికి దొరికితే లెక్క మారుతుంది.

ఆసుపత్రి వైపు నుంచి కూడా తలుపు తెరిచే ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఊపిరి బలం కొలిచే స్పైరోమీటర్ చేతిలో పట్టేంత పరికరం. దమ్ముతో వచ్చిన ఆడమనిషిని "బీడీ తాగుతావా" అని అడిగి ఆపకుండా, "ఏ పొయ్యి మీద వండుతావు, ఎన్నేళ్లు వండినావు" అని అడిగితే సగం జబ్బు అక్కడే బయటపడుతుంది. రాయి కొట్టి వచ్చినవాడి ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే టీబీ పరీక్షతోపాటు అతను చేసిన పని కూడా చీటీ మీద రాయాలి.

ఇబ్రహీంపట్నంలో ఉప్మా కోసం తెరిచిన పుస్తకం ముప్పై ఏళ్ల తర్వాత గాలి గురించి జవాబు చెప్పింది. అప్పట్లో ఎవరో ఓపికగా ప్రతి ఇంటి పేరు, ప్రతి బిడ్డ బరువు రాసిపెట్టబట్టి అది సాధ్యమైంది. గద్వాల, పెబ్బేరు, అమ్రాబాద్ ఆసుపత్రుల్లో ఈ యాసంగిలో పుట్టే పిల్లల బరువు ఎలాగూ రాస్తారు. దాని పక్కన ఇంకో మూడు గళ్లు గీస్తే చాలు. ఇంట్లో వంట దేని మీద? ఊరికి దగ్గరలో క్రషర్, మిల్లు, బట్టీ ఉన్నాయా? ఆ నెల ఊరి గాలిలో పీఎం 2.5 ఎంత? మొదటి రెండింటినీ ఆశా కార్యకర్త గడప దగ్గర నిలబడి అడిగి నింపగలదు. మూడో గడి నింపడానికి యంత్రం కావాలి.